గినీ పిగ్‌కు జలుబు, నెమ్ము చేసినప్పుడు ఏం చేయాలి

గినీ పిగ్‌కు ఊపిరితిత్తుల జబ్బు చేస్తే మనిషి జలుబులాగా దానంతట అదే నాలుగు రోజుల్లో తగ్గిపోతుందని ఎదురుచూడకూడదు. అది సహజంగా ఇతర జంతువులకు ఆహారమయ్యే ప్రాణి కాబట్టి నీరసాన్ని వీలైనంతవరకు దాచుకుంటుంది; మన కంటికి జబ్బు స్పష్టంగా కనిపించే వేళకు నెమ్ము (న్యుమోనియా) ముదిరిపోయి ఉండే అవకాశం ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉన్నవారికి దీనికి తోడు దూరం కూడా సమస్యే. మన పశువుల ఆసుపత్రులకు వచ్చేవి చాలావరకు ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెలు, కోళ్లు. గినీ పిగ్‌ను తరచుగా చూసే వైద్యుడి కోసం విశాఖపట్నం వెళ్లవలసి రావచ్చు. అది విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 100 కిలోమీటర్ల పైమాటే. అందువల్ల వైద్యుడి దగ్గరకు చేరేలోపు ఇంట్లో మీరు ఏం చేశారు, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకుండా ఉన్నారు అనేదానిపైనే దాని ప్రాణం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

మొదటి పని: అది నిజంగా జబ్బేనా అని చూడటం

గడ్డిలో దుమ్ము ఉన్నప్పుడు ఒకటి రెండు తుమ్ములు రావడం సహజమే. అలాగే గినీ పిగ్ ముఖం కడుక్కునేటప్పుడు రెండు కళ్లలోనూ పాలలాంటి తెల్లని ద్రవం క్షణకాలం కనిపించి, ముందుకాళ్లతో రుద్దుకోగానే మాయమవుతుంది. అది జబ్బు కాదు, కంగారు పడవద్దు. కంటి చుట్టూ పుసి కట్టడం, ముక్కు రంధ్రాల దగ్గర చీమిడి ఎండి పెచ్చులా అంటుకోవడం, తుమ్ములు రోజంతా ఆగకపోవడం మాత్రం జబ్బు గుర్తులు.

ముక్కు పొడిగా కనిపించినా నమ్మకండి. దానిని నెమ్మదిగా ఒళ్లో పెట్టుకుని ముందుకాళ్ల లోపలి వైపు చూడండి. చీమిడి కారే గినీ పిగ్ ముక్కును మాటిమాటికీ ముందుకాళ్లతో తుడుచుకుంటుంది కాబట్టి, మణికట్టు దగ్గరి వెంట్రుకలు తడిసి, ఆరి, పుల్లల్లా అట్టకట్టి ఉంటాయి. ముఖం శుభ్రంగా ఉన్నా ఈ గుర్తు ఉంటే జబ్బు మొదలైందనే అనుకోవాలి.

ఆ తరువాత ఫ్యాను, టీవీ ఆపేసి, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు దాని వీపును మీ చెవికి దగ్గరగా పెట్టుకుని వినండి. ఆరోగ్యంగా ఉన్న గినీ పిగ్ శ్వాస దాదాపు వినిపించదు. టిక్ టిక్‌మనే చప్పుడు, పిల్లికూతలు, గురగుర వినిపిస్తే ఊపిరి దారిలో ఇబ్బంది ఉన్నట్టే. అది కదలకుండా ఉన్నప్పుడు డొక్కల కదలికను 15 సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేయండి. నిమిషానికి సుమారు 40 నుంచి 100 వరకు ఉండటం మామూలే. అయితే ఈ విస్తృతమైన అంకె కన్నా మీ గినీ పిగ్ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఎంత ఉండేదో తెలిసి ఉండటమే ఎక్కువ ఉపయోగపడుతుంది. అంకె ఎంత ఉన్నా, ప్రతి శ్వాసకూ డొక్కలు ఎగరేస్తూ, తల ముందుకు చాచి, ఒంటి వెంట్రుకలు ఉబ్బించుకుని ఒక మూల ముడుచుకుని కూర్చుంటే అది బాధపడుతున్నట్టు.

చివరగా తూకం వేయండి. పెద్ద గినీ పిగ్ సాధారణంగా 700 నుంచి 1200 గ్రాముల మధ్య ఉంటుంది. వంటింట్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద ఒక గిన్నె పెట్టి, అందులో దానిని కూర్చోబెట్టి, వారానికి ఒకసారి తూచి కాగితం మీద రాసుకోవడం గినీ పిగ్‌లు పెంచే ప్రతి ఇంట్లోనూ ఉండవలసిన అలవాటు. మేత తగ్గిందని మీరు గమనించేలోపే తూకం తగ్గుతుంది. బరువులో పదో వంతు, అంటే 900 గ్రాముల దానిలో 90 గ్రాములు తగ్గాయంటే ఇంకే గుర్తూ లేకపోయినా వైద్యుడికి చూపించవలసిందే.

రెండవ పని: ఎంత తొందరపడాలో తేల్చుకోవడం

గినీ పిగ్ ముక్కుతోనే శ్వాస తీసుకునే జంతువు. అది నోరు తెరిచి రొప్పుతున్నా, పెదవులు, చిగుళ్లు నీలంగానో పాలిపోయినట్టుగానో మారినా, పక్కకు ఒరిగిపోయినా అది అర్ధరాత్రి అయినా సరే బయలుదేరవలసిన పరిస్థితి. మేత పూర్తిగా మానేసినా, పెంటికలు చాలా చిన్నవైపోయినా లేక ఆగిపోయినా అదే రోజు చూపించాలి. ఎందుకంటే దాని పేగులు ఎప్పుడూ మేత కదులుతూ ఉండేలా ఏర్పడినవి, పూట దాటి పూట ఖాళీగా ఉంటే అవి పనిచేయడం మానేస్తాయి, అప్పుడు ఊపిరితిత్తుల జబ్బుకు పొట్ట జబ్బు తోడవుతుంది. తుమ్ములు, కొద్దిగా చీమిడి మాత్రమే ఉండి, పచ్చిమేత చూపగానే ఆత్రంగా తింటూ ఉంటే మరుసటి రోజు వరకు ఆగవచ్చు, అంతకంటే ఎక్కువ కాదు.

ఇక్కడ ఎండాకాలం గురించి ఒక మాట. మన తీరంలో వైశాఖ జ్యేష్ఠాల ఉక్కపోతలో గినీ పిగ్ రొప్పుతూ, చొంగ కారుస్తూ, కాళ్లు చాపి పడి ఉంటే అది నెమ్ము కాక వడదెబ్బ కావచ్చు. దానికి హాయినిచ్చే వేడి 18 నుంచి 24 డిగ్రీలు. 27, 28 దాటితే ప్రమాదం మొదలవుతుంది. అప్పుడు చెవులకు, పాదాలకు మామూలు నీటితో తడిపిన గుడ్డ అద్దుతూ, నీడలో గాలి తగిలేచోట ఉంచి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి; ఐసు నీటిలో మాత్రం ముంచకూడదు.

మూడవ పని: మందుల డబ్బా తెరవకుండా ఉండటం

ఈ వ్యాసంలో ఒక్క భాగాన్నే గుర్తుంచుకోవాలనుకుంటే దీన్ని గుర్తుంచుకోండి. జబ్బు నుంచి బతికి బయటపడగలిగిన గినీ పిగ్ కూడా, ప్రేమతో వేసిన తప్పు మందు వల్ల చనిపోతుంది.

గినీ పిగ్ గడ్డిని అరిగించుకునేది పేగుల్లోని మంచి బాక్టీరియా సాయంతో. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ వంటి మందులు ఆ మంచి బాక్టీరియాను తుడిచిపెట్టేస్తాయి. ఖాళీ అయిన చోట క్లోస్ట్రీడియం జాతి బాక్టీరియా విపరీతంగా పెరిగి విషాన్ని విడుదల చేస్తుంది. విరేచనాలు మొదలై కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. నోటి ద్వారా ఇచ్చే సెఫలోస్పోరిన్లు, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా ఈ కోవలోవే. స్ట్రెప్టోమైసిన్ అయితే నేరుగానే దానికి విషం. ఇంట్లో పిల్లల జ్వరానికి తెచ్చి సగం మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్పు చాలా ఇళ్లలో ఉంటుంది. మందుల షాపులో అడిగితే అదే చేతికి రావచ్చు. అందులోంచి రెండు చుక్కలు వేస్తే ఏమవుతుందిలే అని అనుకోవద్దు.

ఇదే విషయం వైద్యుడి దగ్గర కూడా మర్యాదగా గుర్తుచేయాలి. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ కలిపిన ఇంజెక్షన్లు ఆవులకు, గేదెలకు మామూలుగా వాడేవే కాబట్టి, రోజంతా పశువులనే చూసే వైద్యుడి చేతికి అవి ముందుగా రావడంలో ఆశ్చర్యం లేదు. "డాక్టర్ గారూ, గినీ పిగ్‌కు పెన్సిలిన్ జాతి మందులు పడవని చదివానండీ, ఒకసారి చూసి చెబుతారా?" అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు. ఇలాంటి జబ్బులో వైద్యులు సాధారణంగా ఎంచుకునేవి ఎన్రోఫ్లాక్సాసిన్, ట్రైమెథోప్రిమ్‌తో సల్ఫా, కొన్నిసార్లు డాక్సీసైక్లిన్. ఎదిగే వయసు గినీ పిగ్ పిల్లలకు ఎన్రోఫ్లాక్సాసిన్ కీళ్ల మృదులాస్థికి చేటు చేయవచ్చు కాబట్టి దాని వయసు కూడా చెప్పండి. ఏ మందు, ఎంత మోతాదు అనేది తూకం చూసి వైద్యుడు నిర్ణయించాలి గాని మనం కాదు.

ఇక ఇంటి చిట్కాల సంగతి. అమృతాంజనం, విక్స్, కర్పూరం, యూకలిప్టస్ నూనె వంటివి ముక్కు దగ్గర రాయకండి. వాటి ఘాటు ఆ చిన్న ఊపిరితిత్తులను ఇంకా మండిస్తుంది. మరిగే నీటి ఆవిరి పట్టకండి, అది వేడికి తట్టుకోలేదు. పసుపు పాలు, తేనె, మనుషుల జలుబు సిరప్పు, పారాసిటమాల్ ఇవేవీ వద్దు. తులసి, వాము మనకు మేలు చేస్తాయని నమ్మి పెరిగాం కాబట్టి దానికీ చేస్తాయనిపిస్తుంది. కానీ అంత చిన్న జంతువు ఆ ఘాటును భరించలేదు.

నాలుగవ పని: బయలుదేరేలోపు ఇంట్లో చేయవలసినవి

ముందుగా ముక్కు శుభ్రం చేయండి. గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన మెత్తని నూలు గుడ్డతో ఎండిన చీమిడిని కాసేపు నానబెట్టి, లాగకుండా తుడవండి. ముక్కుతోనే ఊపిరి తీసుకునే ప్రాణికి ఆ రెండు చిన్న రంధ్రాలు తెరుచుకుంటేనే సగం ఊరట, వాసన తెలిస్తే మేత మీద ఆశ కూడా పుడుతుంది.

దానిని గాలి నేరుగా కొట్టని చోట, వంటింటికి దూరంగా ఉంచండి. తాలింపు పొగ, సాంబ్రాణి, అగరబత్తి, దోమల కాయిల్ ఉన్న గదిలో ఉంచితే ఏ మందూ సరిగా పనిచేయదు. చలికాలంలో ఒక సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి గుడ్డ చుట్టి బోనులో ఒక పక్కన పెట్టండి, వెచ్చదనం చాలనుకుంటే అది పక్కకు జరిగే చోటు మాత్రం తప్పక ఉండాలి. బోనులో ఇంకో గినీ పిగ్ ఉంటే దానికి ఈపాటికే సోకి ఉండవచ్చు కాబట్టి రోజూ తూకం వేస్తూ గమనించండి. రెండింటినీ విడదీస్తే మేత మానేసేంత బెంగ పెట్టుకునే జంటలూ ఉంటాయి, అలాంటప్పుడు మధ్యలో తెర పెట్టి పక్కపక్కనే ఉంచడం మంచిది.

మేత ముందు పెట్టి చూడండి. గరిక, కొత్తిమీర, క్యాప్సికం ముక్క, చిన్న జామ ముక్క వంటివి వాసనతో పిలుస్తాయి. వీటిలో విటమిన్ సి కూడా ఉంటుంది. మనిషి లాగే గినీ పిగ్ కూడా దానిని ఒంట్లో తయారుచేసుకోలేదు, అది తగ్గితే జబ్బును తట్టుకునే శక్తి పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు చాలు, జబ్బులో 30 నుంచి 50 వరకు కావాలి. వైద్యుడు సరేనంటే, 500 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్రలో పదో వంతును పొడిచేసి, కొద్ది నీటిలో కలిపి అప్పటికప్పుడు సిరంజితో ఇవ్వవచ్చు. తాగే నీటి సీసాలో కలపకండి. అక్కడ అది త్వరగా పాడైపోతుంది, పైగా రుచి మారిందని నీళ్లే మానేయవచ్చు.

ఐదవ పని: వైద్యుడితో మాట్లాడటం, ప్రయాణం

ఆసుపత్రికి వెళ్లేముందు ఫోను చేసి గినీ పిగ్‌ను చూస్తారా, ఎక్స్‌రే తీసే వీలు ఉందా, ఆక్సిజన్ పెట్టగలరా అని అడగండి. విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉంది. విశాఖ వరకు వెళ్లలేనివారు ముందుగా అక్కడ విచారించడం మంచిది. 1962 నంబరు సంచార పశువైద్య సేవలు ప్రధానంగా పాడి పశువుల కోసమే అయినా, దగ్గరలో ఏ వైద్యుడు అందుబాటులో ఉన్నారో తెలుసుకోవడానికి అడగవచ్చు. దగ్గరి పశువైద్యుడి ప్రాథమిక సాయం తీసుకుంటూనే, గినీ పిగ్‌లను చూసే అనుభవం ఉన్నవారితో ఆయన ఫోనులో మాట్లాడేలా ఏర్పాటు చేయగలిగితే, నా దృష్టిలో ఒక్కోసారి అదే దూర ప్రయాణం కన్నా మేలు.

ఒక కాగితం మీద ఇవి రాసి తీసుకువెళ్లండి: వయసు, ఈరోజు తూకం, పోయిన వారం తూకం, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో, చివరగా ఎప్పుడు తిన్నదో, ఇంట్లో కుందేలు, కుక్క, పిల్లి ఉన్నాయో లేదో. శ్వాస తీసుకుంటున్న తీరును ఫోనులో వీడియో తీసుకోండి. కొత్తచోట భయంతో అది బిగుసుకుపోతుంది, ఇంట్లో కనిపించిన గుర్తులు అక్కడ కనిపించవు.

ప్రయాణానికి గాలి రంధ్రాలున్న గట్టి ప్లాస్టిక్ బుట్ట, అడుగున మడతపెట్టిన పాత తువ్వాలు, గుప్పెడు గడ్డి, నీళ్లకు బదులు దోసకాయ ముక్క సరిపోతాయి. ఎండాకాలం తెల్లవారుజామునే బయలుదేరండి. స్కూటరు ముందు పెట్టుకుని గాలికి ఎదురు తీసుకువెళ్లవద్దు. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టడం అసలు పనికిరాదు, ఊపిరి ఆడని జంతువుకు ఆ భంగిమ ప్రాణాంతకం.

ఆరవ పని: మందు వాడుతున్న రోజులు

యాంటీబయాటిక్ సాధారణంగా రెండు వారాలో, అంతకంటే ఎక్కువో వాడవలసి వస్తుంది. మూడో రోజుకే హుషారు కనిపిస్తుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. అలా ఆపితే జబ్బు తిరగబెట్టి, అదే మందు రెండోసారి పనిచేయకపోవచ్చు. ఆ రోజుల్లో విరేచనం గాని, మేత మానేయడం గాని కనిపిస్తే మందు కొనసాగించాలో ఆపాలో వెంటనే వైద్యుడిని అడగండి.

తనంతట తాను తినకపోతే సిరంజితో తినిపించాలి, ఇదే అన్నిటికన్నా ఓపిక కావలసిన పని. పెల్లెట్లను (గుళికల మేతను) గోరువెచ్చని నీటిలో నానబెట్టి మెత్తని జావలా చేయండి. గినీ పిగ్‌ను తువ్వాలులో చుట్టి నాలుగు కాళ్ల మీదే కూర్చోబెట్టి, సిరంజి మొనను ముందుపళ్ల వెనక ఉన్న ఖాళీలోకి పక్కనుంచి పెట్టండి. అర మిల్లీలీటరు మించకుండా వదిలి, దవడ కదిలి మింగేవరకు ఆగండి, ఆ తరువాతే ఇంకొంచెం. తొందరపడి ఒక్కసారిగా నొక్కితే జావ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఉన్న నెమ్ముకు కొత్త నెమ్ము తోడవుతుంది. పూటకు 10 నుంచి 15 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు ఐదారుసార్లు పెట్టడం వాడుక, కచ్చితమైన కొలత తూకం చూసి వైద్యుడు చెబుతారు. నోరు తెరిచి రొప్పుతున్నప్పుడు మాత్రం బలవంతంగా ఏదీ పెట్టవద్దు.

ఆస్తమా ఉన్న పిల్లల కోసం నెబ్యులైజర్ ఉన్న ఇళ్లలో, వైద్యుడి సలహా మీద ఉత్త సెలైన్‌తో పది పదిహేను నిమిషాలు పట్టవచ్చు. గొట్టాలు, మాస్కు పిల్లలవి వాడకుండా వేరే కొనండి.

ఏడవ పని: జబ్బు మళ్లీ రాకుండా బోను మార్చడం

గినీ పిగ్‌లలో నెమ్ముకు ఎక్కువగా కారణమయ్యేవి బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా, స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే అనే రెండు బాక్టీరియాలు. మొదటిది కుందేళ్లు, కుక్కలు, పిల్లుల ముక్కుల్లో ఏ బాధా కలిగించకుండా ఉండవచ్చు. అదే గినీ పిగ్‌కు సోకితే ప్రాణాంతకం. కాబట్టి కుందేలుతో కలిపి ఒకే బోనులో పెంచడం చూడముచ్చటగా ఉన్నా ఎంతమాత్రం మంచిది కాదు. కొత్తగా కొన్నదానిని రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచి, పాతదాని పని ముందు, కొత్తదాని పని తరువాత చేసి చేతులు కడుక్కోండి. ఇంట్లో ఎవరికైనా జలుబు చేస్తే ముఖం దగ్గర పెట్టి ముద్దాడకండి.

పరుపు విషయంలో మన జిల్లాల్లో సులువుగా దొరికేవే హాని చేస్తున్నాయి. కోళ్ల ఫారాల్లో వాడే ఊక, సామిల్లు రంపపు పొట్టు దుమ్ము లేపుతాయి. వానాకాలం వరిగడ్డి బూజు పట్టి ఉంటుంది, గడ్డివాము నుంచి తెచ్చినదాన్ని వాసన చూసి, దులిపి, ఎండబెట్టకుండా బోనులో వేయవద్దు. గోనె సంచి పీచు కూడా ముక్కులో చేరుతుంది. ఉతికిన పాత నూలు చీరలు, లుంగీలు, తువ్వాళ్లు మడతలు వేసి పరచి, రోజూ తడిసినవి తీసేయడం అన్నిటికన్నా చవక, క్షేమం. మూత్రం నిలవ ఉంటే వెలువడే అమోనియా ఊపిరి దారిని పుండు చేసి బాక్టీరియాకు దారి తెరుస్తుంది. ఆ ఘాటు బోను పైన మీ ముక్కుకు తగిలిందంటే, నేలకు అంగుళం ఎత్తున ముక్కు ఉన్న ప్రాణికి ఎప్పుడో తగిలి ఉంటుంది.

పలాస, కాశీబుగ్గ వైపు జీడి పిక్కలు కాల్చే పొగ తగిలే వీధుల్లోనూ, భోగి మంటల తెల్లవారుజామునా, దీపావళి రాత్రీ బోనును ఇంటి లోపలి గదికి మార్చండి. తుపాను రోజులను వేరుగా చెప్పుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఈ జిల్లాల్లో రోజుల తరబడి కరెంటు లేదు, దారులు మూసుకుపోయాయి. అక్టోబరు నెల మొదలయ్యేసరికి పదిహేను రోజులకు సరిపడా ఎండుగడ్డి, పెల్లెట్లు, పొడి గుడ్డలు, సెలైన్ సీసా, సిరంజిలు తడవని డబ్బాలో ఉండాలి. ఈదురుగాలికి బోను తడిస్తే గుడ్డలు గంటకొకసారైనా మార్చగలగాలి.

మందుల కోర్సు అయ్యాక మరో రెండు వారాల పాటు రోజు విడిచి రోజు తూకం వేయండి. బోనును సబ్బుతో కడిగి, పలుచగా కలిపిన బ్లీచింగ్ నీటితో తుడిచి, వాసన పూర్తిగా పోయేదాకా కడిగి ఎండలో ఆరబెట్టి, అప్పుడే జతను మళ్లీ కలపండి. వైద్యుడు రాసిన మందు పేరు, మోతాదు, అప్పటి తూకం ఉన్న చీటీని పారేయకుండా బోను దగ్గరే ఉంచండి. తిరగబెట్టినప్పుడు ఏ వైద్యుడైనా ముందుగా అడిగేది అదే.